మా ఇంటికొచ్చిన రెండు గినీ పిగ్‌లు

చిలకలూరిపేటలో టీచరుగా చేరిన కొత్తల్లో స్టాఫ్‌రూములో నా పక్క కుర్చీలో కూర్చున్నావిడ, తర్వాత చాలా ఏళ్ళపాటు నాకు అందరికన్నా దగ్గర మనిషైంది. నేను తెలుగు చెప్పేదాన్ని, తను సైన్సు. ఇద్దరిదీ ఒకే ఈడు. తన పురిటి సెలవులో తన క్లాసులు కూడా నేనే తీసుకున్నాను. మా నాన్నను సమాధి చేసి ఇంటికి తిరిగొచ్చేసరికి, వంటింట్లో పొయ్యి వెలిగించి అందరికీ అన్నం వండి పెట్టింది తనే. నేను పెళ్ళి చేసుకోలేదు. అమ్మా, నేనూ పత్తి జిన్నింగు మిల్లుల వెనక వీధిలో ఒక పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ఆదివారం చర్చి అయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళడమో, తను మా ఇంటికి రావడమో తప్పకుండా జరిగేది.

రెండువేల సంవత్సరం దాటాక ఒక వేసవిలో తనకు గుంటూరు దగ్గర స్కూలుకు బదిలీ అయింది. కూతురు అక్కడే ఇంటర్ చదువుతూ హాస్టల్లో ఉండలేకపోతోంది కాబట్టి కాపురమే గుంటూరుకు మార్చేస్తున్నామని చెప్పింది. వాళ్ళాయన మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. ఎప్పుడో హైదరాబాదు నుంచి కూతురి కోసం రెండు గినీ పిగ్‌లు తెచ్చాడు. ఒకటి నల్లది, ఒకటి గోధుమరంగూ తెలుపూ కలిసినది. రెండూ ఆడవే. గుప్పెడు బొచ్చు, బొత్తిగా తోక లేదు, గుండుసూదుల తలల్లాంటి కళ్ళు. సామాన్లు సర్దుతున్న రోజు వాటిని నాకు చూపించింది.

"కొత్తింటి ఓనర్లు జంతువుల్ని ఒప్పుకోవట్లేదే. ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యమంటున్నాడాయన. నాకు మనసొప్పట్లేదు. నీకైతే నిశ్చింతగా ఇస్తాను" అంది.

"నాకేం తెలుసే వీటి సంగతి?"

"గడ్డీ ఆకులూ పెట్టటమే. ఇక అవి నీవే. నేను మళ్ళీ అడిగేది కూడా లేదు."

ఆ చివరి మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

రిక్షాలో బోను ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చాను. అమ్మ గడపలోనే నిలబడిపోయింది. "అందరూ ఎలకల్ని చంపటానికి బోన్లు కొంటారు. నువ్వేంటే, బోనుతో సహా తెచ్చి పెంచుతానంటున్నావ్!"

మొదట్లో అవి మాకు కనపడనే లేదు. బోనులో ఒక మూల అట్టపెట్టె ఉండేది. దాన్లో దూరి ఒకదాని వీపులో ఒకటి మొహం దాచుకునేవి. నేను గదిలోకి వెళ్తే నమలడం ఆపేసేవి. చెయ్యి పెడితే చాలు, ఊక ఎగజిమ్ముకుంటూ బోనంతా గిర్రున తిరిగేవి. పెట్టిన ఆకు పెట్టినట్టే వాడిపోయేది. వీధిలో పిల్లలు కిటికీ పట్టుకుని వేలాడుతూ "టీచర్, అవి కుందేళ్ళా, ఎలకలా?" అని అరిచేవాళ్ళు. వాటికి ముందు ఆ అరుపులు లేకుండా చెయ్యాలని అర్థమై, బోనును వెనక గదిలోకి మార్చాను. నేను కూడా అక్కడే చాప వేసుకుని, వాటి వంక చూడకుండా పరీక్ష పేపర్లు దిద్దుకునేదాన్ని. అలా చాలా రోజులు గడిచాక ఒక సాయంత్రం, చాప పక్కన పెట్టుకున్న జామకాయ ముక్కను గోధుమరంగుది మెడ సాచి అందుకుంది. నేను కదల్లేదు. అది తినేదాకా ఊపిరి కూడా మెల్లగానే తీసుకున్నాను.

మా ఊళ్ళో వాటికి గడ్డి దొరకడం అనుకున్నంత తేలిక కాదు. చుట్టూ పొలాలే, కానీ అన్నీ పత్తీ మిరపా. గట్టు మీద గరిక కూడా పురుగుమందు వాసన కొట్టేది. ఒకసారి తెలిసినాయన చేలో నుంచి పచ్చగడ్డి మోపు పంపిస్తే, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి పారేశాను. చివరికి చర్చి ఆవరణలో బావి వెనక, ఎవరూ మందు కొట్టని చోట గరిక కోసుకొచ్చేదాన్ని. మాఘం దాటాక మా వీధిలో ప్రతి డాబా మీదా మిరపకాయలు ఎండబోసేవాళ్ళు. ఆ ఘాటుకు రెండూ తుమ్మి తుమ్మి కళ్ళు మూసుకునేవి. కిటికీకి తడి దుప్పటి కట్టేవాళ్ళం. ఎండలు ముదిరాక అమ్మే ఒక ఉపాయం చెప్పింది. పాత నీళ్ళ కుండను అడ్డంగా పడుకోబెట్టి, పైన తడి గోనెపట్టా కప్పింది. మధ్యాహ్నమంతా అవి ఆ కుండలోనే పడుకునేవి. అప్పటికి అమ్మ వాటిని "మన ఆడపిల్లలు" అనడం మొదలుపెట్టింది. గరిక సంచీ గలగలమంటే చాలు, రెండూ ముందుకాళ్ళు ఊచల మీద పెట్టి ఈల వేసినట్టు కూసేవి. కడుపు నిండి సంతోషం పుడితే ఉన్నచోటే ఎగిరెగిరి పడేవి. అలా ఎగరడం మొదటిసారి చూసి అమ్మ వాటికి మూర్ఛ వచ్చిందనుకుని "యేసయ్యా" అని కేక పెట్టింది.

నా స్నేహితురాలు ఆ ఏడాదిలో ఒకటి రెండుసార్లు వచ్చి చూసిపోయింది. నేను వాళ్ళింటికి వస్తానంటే మాత్రం "ఇంకా సర్దుకోలేదే, తర్వాత రా" అనేది.

మరుసటి వేసవిలో దర్శిలో ఉన్న మా పిన్ని బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెకు పిల్లల్లేరు. అమ్మా నేనూ వెళ్ళక తప్పదు. ఆ ఎండలో బస్సులో బోను పెట్టుకుని వెళ్ళలేం, పైగా పిన్ని ఇంటినిండా పిల్లులు. నా తంటాలు ఫోనులో విని నా స్నేహితురాలే అంది, "మా దగ్గర ఉంచవే. కింది వాటా, చల్లగా ఉంటుంది. కొన్నాళ్ళకేగా, ఓనరుతో నేను మాట్లాడుకుంటాలే." మర్నాడే వాళ్ళాయన కంపెనీ కారులో వచ్చి తీసుకెళ్ళాడు. కుండ కూడా ఇచ్చి పంపాను. ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో కారు కదిలేదాకా చెబుతూనే ఉన్నాను.

పిన్ని మంచం పక్కన ఉండగా ఒకరోజు పక్కింటివాళ్ళ ఫోనుకు నా స్నేహితురాలి దగ్గర నుంచి పిలుపొచ్చింది.

"ఏమనుకోకే. ఎండకి తట్టుకోలేకపోయాయి. రెండూ ఒకేరోజు పోయాయి. దొడ్లో పూడ్చిపెట్టాం." తన గొంతు బొంగురుపోయింది.

నేను ఏడిస్తే తనే నన్ను ఓదార్చింది. "నీ తప్పేం లేదే" అని కూడా అంది. అమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు.

పిన్ని లేచి నడవడం మొదలుపెట్టాక మేం ఇంటికొచ్చేశాం. ఖాళీ బోను అక్కడెందుకు అడ్డం, తెచ్చేసుకుందామని ఒకరోజు గుంటూరు వెళ్ళాను. వాళ్ళ కొత్తిల్లు చూడటం అదే మొదలు. ఓనర్ల వాటా ముందు వసారా పొడుగునా లవ్‌బర్డ్స్ పంజరాలు. మెట్ల కింద కుక్క. అది చూసినప్పుడే నా అడుగు ఆగిపోయింది. జంతువుల్ని ఒప్పుకోనివాళ్ళు వీళ్ళేనా?

తను ఇంట్లో లేదు. వాళ్ళత్తగారు అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. నన్ను చూసి నవ్వి పీట జరిపింది.

"బోను కోసమొచ్చానండీ. పాపం, ఎండకి రెండూ ఒకేరోజు పోయాయటగా."

"పోవటం ఏంటమ్మాయ్?" అందావిడ. "నిక్షేపంగా ఉన్నయ్. ఫార్మసీ కాలేజీ వాళ్ళెవరో వచ్చి పట్టుకుపోయారు. మావాడే దగ్గరుండి అట్టపెట్టెలో పెట్టిచ్చాడు. నీకు చెప్పలా?"

ఆవిడ కాయలు వలుస్తూనే ఉంది. అంతలో నా స్నేహితురాలు కూరల సంచీతో గేటు తీసుకుని లోపలికొచ్చింది. నా మొహం, వాళ్ళత్తగారి మొహం చూసి సంచీ కింద పెట్టేసింది.

"ఎండకి పోయాయన్నావు" అన్నాను.

"నిజం చెబితే నువ్వు తట్టుకోలేవనే అలా చెప్పాను."

"ఎందుకిచ్చారు?"

"అక్కడో లెక్చరరు మా ఆయనకి బాగా తెలుసు. ఆ కాలేజీలో పాప సీటు సంగతి ఆయనే చూస్తున్నాడు. ప్రాక్టికల్స్‌కి ఇవి దొరకట్లేదన్నాడంట. ఈయనేమో మా ఇంట్లో రెండున్నాయి అనేశాడు. ఇంక ఎలా కాదంటాం?"

"మీ ఇంట్లోవా?"

"అదేంటే, మొదట అవి మావేగా? ఇచ్చింది నేనేగా?" తన గొంతు పెరిగింది. "మా పిల్ల భవిష్యత్తు కన్నా నీకు ఆ రెండెలకలు ఎక్కువా?"

"నన్నడిగుంటే..."

"అడిగితే ఇచ్చేదానివా?"

ఇచ్చేదాన్ని కాదు. అది తనకు తెలుసు కాబట్టే అడగలేదు. ఫోనులో ఆ గొంతు బొంగురుపోవడం, నన్ను ఓదార్చడం గుర్తొచ్చాయి. జంతువుల్ని ఇచ్చెయ్యడం కన్నా ఆ ఓదార్పు నన్ను ఎక్కువ కోసింది. బోను కూడా తీసుకోకుండా వచ్చేశాను.

మర్నాడు వాకబు చేసి ఆ ఫార్మసీ కాలేజీకి వెళ్ళాను. ల్యాబులో ఉన్నది ఆయన కాదు, ఇంకో లెక్చరరు. చిన్నపిల్లే, నా దగ్గర చదువుకున్న వాళ్ళ వయసుంటుంది. నేను చెప్పిందంతా వింది. "పెంపుడువని మాకు చెప్పలేదండీ" అంది. తర్వాత నన్ను వెనక గదికి తీసుకెళ్ళింది. వరసగా ఇనప బోన్లు. గోధుమరంగుది ఒకదాన్లో ఒక్కతే ఉంది.

"దీన్నింకా వాడలేదండీ. నల్లదాన్ని పోయిన వారం..." అని ఆగిపోయింది.

మిగతాది నేను అడగలేదు. ఆ అమ్మాయి ఎవరినీ అడక్కుండానే దాన్ని తీసి నా చేతుల్లో పెట్టింది. అది నన్ను గుర్తుపట్టలేదు. పట్టుకున్నంతసేపూ ఒళ్ళంతా వణికింది.

కొత్త బోను కొన్నాను. మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. ఈసారి మొహం దాచుకోవడానికి రెండోదాని వీపు లేదు. మూలకు తిరిగి గోడకేసి కూర్చునేది. నడుం మీద బొచ్చు రాలిపోయింది. అమ్మ దాని ముందు కూర్చుని ముక్క ముక్కగా దోసకాయ పెడుతూ, దర్శి కబుర్లూ, చర్చి కబుర్లూ చెప్పేది. తినడం మొదలుపెట్టింది కానీ కూత మాత్రం చాలాకాలం రాలేదు.

నా స్నేహితురాలి పాపకు సీటొచ్చిందని స్కూల్లో ఎవరో చెప్పారు. తర్వాత ఏడాది పదో తరగతి పేపర్లు దిద్దడానికి గుంటూరు వెళ్తే, తనకు నా బల్ల వరసలోనే చోటు పడింది. ఏమీ జరగనట్టే వచ్చి భుజం మీద చెయ్యేసింది. "ఏమే, ఇలా చిక్కిపోయావ్?"

"బాగున్నారా? ఇంట్లో అందరూ కులాసానా?" అన్నాను.

అన్నేళ్ళలో నేను తనను మీరు అన్నది అదే మొదటిసారి. చెయ్యి తీసేసింది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకున్నప్పుడు వేరే వాళ్ళ పక్కకు వెళ్ళి కూర్చుంది. నాకు ఆకలి వెయ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు మా ఊరి బ్యాంకు ఆఫీసరు భార్య మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆవిడ చేతిలో బుట్ట, బుట్టలో తెల్లటి గినీ పిగ్.

"మీరు వీటిని బాగా చూసుకుంటారని విన్నానండీ. ఇది కూడా ఆడదే. ఉంచుకుంటారా?"

"ఎందుకిచ్చేస్తున్నారు?" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

ఆవిడ మొహమాటపడింది. "బదిలీ అనో, జబ్బనో చెబుదామనుకున్నానండీ. నిజానికి పిల్లలకి మోజు తీరిపోయింది. నేనొక్కదాన్నే చెయ్యలేకపోతున్నాను."

ఆ మాటకు నేను తలుపు పూర్తిగా తెరిచాను. "తీసుకుంటాను. కానీ ఒక్క పూటకైనా మళ్ళీ అడిగితే ఇవ్వను. ఇప్పుడే చెబుతున్నాను" అన్నాను. ఆవిడ సరేనంది.

మొదట్లో రెండూ పళ్ళు పటపటలాడించుకుని ఒకదాన్నొకటి తరుముకున్నాయి. మధ్యలో వలతెర కట్టాల్సొచ్చింది. తెర తీసేసిన కొన్నాళ్ళకు ఒకే మూల పడుకోవడం మొదలుపెట్టాయి. బ్యాంకావిడ ఒకసారి చూడ్డానికి వచ్చి, "మా పిల్లల్ని తీసుకురానా?" అని అడిగింది.

"తీసుకురండి. చూసి వెళ్తారు" అన్నాను. మాట్లాడుతున్నంతసేపూ నా చెయ్యి బోను గొళ్ళెం మీదే ఉంది.