రెండో డబ్బా

మా పేపర్ గల్ఫ్ పేజీకి మనవాళ్ల అరుదైన కొలువుల గురించి రాస్తున్న రోజులవి. కరోనా ఆంక్షలు సడలిన తర్వాతి చలికాలం. నేనుండే బనియాస్ ఊళ్లోని నా గదికి గంటన్నర దూరంలో, లైసెన్సున్న ఒక షూటింగ్ క్లబ్బులో, జగిత్యాల వైపు మనిషి ఒకాయన పెద్ద వేట తుపాకులకు తూటాలు చేత్తో నింపుతాడని తెలిసి వెళ్లాను. మిలిటరీలో తుపాకుల మరమ్మతు చేసి రిటైరైనవాడు. ఆ గదిలో పని చేసే అనుమతి క్లబ్బు మొత్తానికి ఆయనొక్కడికే ఉంది.

ఆరోజు ఇరవై తూటాలు నింపాలి. క్లబ్బు సభ్యుడొకాయన అడవిదున్నల వేటకు ఆఫ్రికా వెళ్తున్నాడు, సాయంత్రమే విమానం. బల్ల మీద ఖాళీ ఇత్తడి గొట్టాలు, చిన్న తూనిక, ఒకే ఒక్క తుపాకి మందు డబ్బా.

"ముచ్చట బయట పెట్టుకుందాం సార్. మీ పేపర్ల తప్పు పడితే తెల్లారి సవరణ ఏస్తరు. గీ తూటాల్ల పడితే ఎవలు ఏస్తరు?" అన్నాడు నవ్వుతూ.

నవ్వాను, నోట్‌బుక్కులో రాసుకున్నాను కూడా. ఫోటో కోసం ఫోన్ తీసి చూస్తే బల్ల బోసిగా కనిపించింది. బీరువాలోంచి ఇంకో డబ్బా తెచ్చి పక్కన పెట్టమన్నాను.

"ఒకటి ఉండంగ ఇంకోటి బల్ల మీదికి రావద్దు సార్. రెండు మందులు సూడ ఒక్క తీరే ఉంటయ్. అది చిన్న తుపాకిది, జల్ది మండుతది. దీంట్ల పడితే తుపాకి పగుల్తది, పట్టుకున్నోని మొకం మీద్నే."

"ఒక్క నిమిషమే కదండీ. ఫోటో అవగానే తీసేద్దురుగాని."

అతిథిని కాదనలేక తెచ్చాడు. తూటాల్లోకి మందు దింపే గరాటులో మందు పోస్తున్నట్టు ఉండమన్నాను. నిజంగానే పోశాడు. కంపెనీ పేరు పేపర్లో పడకూడదని, డబ్బాను అటు తిప్పి పట్టుకోమన్నాను. ఆ తర్వాత ఒక డబ్బా బీరువాలో పెట్టేసి పనిలో కూర్చున్నాడు. ఇరవై తూటాలూ పూర్తయ్యాయి. మిగిలిన మందు సర్దబోతూ బీరువా దగ్గర ఆగిపోయాడు. లోపలున్న రెండో డబ్బాకు వేసి ఉండాల్సిన సీలు తెగి ఉంది.

"సార్, ఫోటో సూపెట్టుండ్రి. నేను పోసింది ఏ డబ్బ?"

చూపించాను. చెయ్యి ఉంది, డబ్బా ఉంది. పేరు మాత్రం గోడవైపు ఉంది.

ఆయన గరాటులోది పారబోయడానికి పక్కన పెట్టి, సుత్తిలాంటి పనిముట్టుతో తూటాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. నాలుగోదో ఐదోదో విప్పుతుండగా క్లబ్బు ముదీర్, అంటే మేనేజరు, వచ్చాడు. రెండో డబ్బా బయటికెందుకొచ్చిందని హిందీలో అడిగాడు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. ఆ వ్యాసానికి అనుమతి సంతకం ముదీర్ ఇంకా పెట్టలేదు. నోట్‌బుక్కు వైపు చూస్తూ కూర్చున్నాను.

"గల్తీ నాదే సాబ్," అన్నాడు ఆయన.

"ఖలాస్. రేపట్నుంచి ఈ గదిలోకి రావద్దు," అన్నాడు ముదీర్. నా వైపు తిరిగి, మామూలు గొంతుతో, టీ తాగారా అని అడిగాడు. తాగానన్నాను. సంతకం కూడా పెట్టించుకున్నాను.

వ్యాసం ఆ శుక్రవారమే వచ్చింది. ఆయన జాగ్రత్తకు మారుపేరని రాశాను. వార్తల్లో తప్పులు దొర్లడం నాకు కొత్త కాదు, కానీ ఇది తెలిసే అచ్చేసింది. ముదీర్‌కు నిజం చెబుతూ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టాను. మళ్లీ క్లబ్బులోకి రానివ్వరేమోనన్న లెక్క దగ్గర రెండుసార్లూ ఆగాను.

పది రోజులకు ఆయనే ఫోన్ చేశాడు. నిలదీస్తాడని గొంతు సవరించుకున్నాను.

"మస్తుగ రాసిండ్రు సార్. ఇంటిది ఊరందరికి సూపెడుతుందట."

"ఇప్పుడేం పని చేస్తున్నారు?"

"బయట, టార్గెట్లకు కాయితాలు అంటిస్తున్న. ఎండల. గా సంగతి మాత్రం పేపర్ల ఎయ్యకుండ్రి సార్. ఇంటోళ్లు నేనింక గా గదిలనే ఉన్ననుకుంటుండ్రు."

వెయ్యనని మాటిచ్చాను. ఎంత సులువుగా ఇచ్చానో ఇప్పటికీ గుర్తుంది.