పులుసు లేని ముక్కలు

మా దీవుల వాళ్లకు ఓడ ప్రయాణమే అలవాటు. విశాఖపట్నం చేరడానికి రోజులు పడతాయి కాబట్టి సామానంతా ఒక మూల పడేసి, తిండి డబ్బా మాత్రం చేతిలోనే ఉంచుకుంటాం. తిండి దగ్గరుంటే మాకదో ధైర్యం. అదే అలవాటుతో మొదటిసారి విమానం ఎక్కబోయాను.

అమ్మ విశాఖలో ఆసుపత్రిలో ఉంది. గొంతులో జబ్బు ముదిరి ముద్ద దిగడం మానేసింది. నీళ్లలా ఉన్నదేదైనా చెంచాతో పోస్తే మింగేది. ఇప్పుడు అదీ వద్దంటోందని తమ్ముడు ఫోన్ చేసి, అమ్మ చెవి దగ్గర పెట్టాడు.

"ఏటి తెమ్మంటావమ్మా?" అన్నాను.

"కానాగంతల పులుసు. మనింట్లోది. ఒక్క సెంచాడు ఎయ్యి సాలు," అంది.

అడగని మనిషి అడిగింది. దీవిలో, బతు బస్తీలోని మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించాను. అమ్మ లాగే చింతపండు చిక్కగా పిసికి, చేప విరగకుండా గరిటె పెట్టకుండా గిన్నెనే పట్టుకుని తిప్పుతూ వండాను. స్టీలు డబ్బాలో పోసి గుడ్డ కట్టాను.

విమానాశ్రయంలో పెద్ద బ్యాగు కౌంటర్లో ఇచ్చేశాను. డబ్బా ఎక్కడ ఒలికిపోతుందోనని ఇవ్వలేదు. తనిఖీ దగ్గర గుడ్డ విప్పించారు.

"దీదీ, మచ్లీ లే జావో. గ్రేవీ నహీ జాయేగా," అన్నాడు అక్కడి ఉద్యోగి. ముక్కలు వెళ్తాయట, నీళ్లలాంటిది కాబట్టి పులుసు వెళ్లదట.

నాకు ఒళ్లు మండిపోయింది. "భయ్యా, అమ్మ బీమార్ హై. ముక్క మింగలేదు, పులుసే కావాలి," అని హిందీ, తెలుగు కలిపేసి మొత్తుకున్నాను. రూల్ అంటే రూలే అన్నాడు. అతను మాత్రం ఏం చేస్తాడు, అతని పని అది. అయినా ఆ రూలు పెట్టినవాళ్లను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉంటాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటున్నారు. పక్కనున్న బకెట్లోకి పులుసంతా ఒంపేశాను. అందరి ముందూ ఏడ్చాను, సిగ్గేమీ అనిపించలేదు.

ఆసుపత్రిలో డబ్బా మూత తీయగానే ఆ వాసనకు అమ్మ తల ఇటు తిప్పింది. పొడిగా ఉన్న ముక్కల్ని చూసింది. తర్వాత నా మొహం చూసింది.

"పులుసు రానివ్వలేదమ్మా," అన్నాను.

డబ్బా అంచుకు అంటుకున్నదాన్ని వేలితో తుడిచి ఆమె పెదాలకు రాశాను. నాలుక తగిలించి కళ్లు మూసుకుంది. కాసేపటికి తెరిచింది.

"నువ్వు తిను. నాను సూస్తాను," అంది.

మంచం పక్కన కూర్చుని ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. ఏడుపు వస్తూనే ఉంది. అయినా తిన్నాను. అమ్మ నా నోటి వైపే చూస్తూ ఉంది.

"ముల్లు సూసుకు తినమ్మా," అంది.

ఆ తర్వాత అమ్మ మళ్లీ మాట్లాడలేదు.