సాకు అన్న మాట

మా తిమ్మాజిపేట వైపు ‘సాకు’ అంటే పెంచు, పోషించు అని. పిల్లల్ని సాకుతాం, మేకల్ని సాకుతాం. కన్నడంలో అదే మాటకు ‘చాలు’ అని అర్థమని నేను నమ్మేసరికి నా చేతుల్లో ఒక మనిషి పోయాడు.

గద్వాలలో ఒక చిన్న దవాఖాన ఉండేది. దాని వెనుక పొడుగాటి గదిలో, ఇంట్లో చూసుకునే దిక్కు లేని ముసలివాళ్ళను ఉంచేవారు. నేను అక్కడ నౌకరీలో చేరినప్పుడు నాకు పాతికేళ్ళు. ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పడం, జావ తాగించడం నా పని. బాగా చేస్తానని పేరొచ్చింది. నా మంచాల దగ్గర జావ గిన్నెలు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి. డాక్టరు వాటిని చూసి తల ఊపేవాడు. ఆ తల ఊపడం కోసమే నేను పని చేశానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఒక వానాకాలం కృష్ణా నది అవతలి నుంచి ఒక ముసలాయనను బండిలో తెచ్చి దించారు. గొంగళ్ళు నేసేవాడట. పక్షవాతంతో కుడి పక్క పడిపోయింది, మాట సగం పోయింది. మిగిలిన మాటల్లో నాకు తెలిసినట్టు అనిపించినవి రెండే. నన్ను ‘తమ్మా’ అని పిలిచేవాడు. నాలుగు చెంచాలు పోయగానే ‘సాకు’ అనేవాడు.

తమ్ముడా, నన్ను సాకు. నాకు అలా వినబడింది. సొంత తమ్ముణ్ణి అడిగినట్టు అడుగుతున్నాడని అందరికీ చెప్పుకున్నాను. “సాకుత పెద్దాయనా, సాకక ఏడికి పోత” అంటూ ఇంకో చెంచా పోసేవాణ్ణి. ఆయన ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకునేవాడు. ప్రేమ అనుకున్నాను.

పక్క మంచం మీద ఒక ముసలి దర్జీ ఉండేవాడు. చాచా అనేవాళ్ళం. చూపు పోయింది కానీ నోరు పోలేదు. నన్ను ఆట పట్టించకపోతే ఆయనకు పొద్దు పోదు. ఒకసారి “నీ అంగీ వీపు మీద చినిగింది చూసుకో” అంటే, ఆయనకు కళ్ళు లేవన్న సంగతే మరిచి తడుముకున్నాను. గదంతా నవ్వింది.

ఆ చాచాయే ఒక పొద్దున అన్నాడు: “ఏమిరా, ముసలోడు సాలంటుండు గదా. జర ఆపు.”

“నీకెట్ల తెలుసు చాచా?”

“సాకంటే సాలని. రాయచూరు దిక్కు గట్లనే అంటరు. ఆడ నాలుగేండ్లు బట్టలు కుట్టిన.”

“అంగీ చినిగిందని గూడ నువ్వే అంటివి.”

చాచా నవ్వలేదు. “గా మాట వేరే, ఇది వేరే బేటా.”

మా దవాఖాన వంటమనిషిది రాయచూరే, అతన్ని అడిగినా చెప్పేవాడు. అడగలేదు. డాక్టరు వచ్చే వేళయింది, గిన్నెలో సగం అలాగే ఉంది. ముసలాయన ‘సాకు’ అని పెదవులు మూసుకున్నాడు. నేను పెదవుల సందులో చెంచా దూర్చి పోశాను. పొలమారింది. గొంతు గరగరలాడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మర్నాటికి జ్వరం. నాలుగో రోజు పోయాడు.

శవాన్ని తీసుకుపోవడానికి ఆయన చెల్లెలు వచ్చింది. ఆమెకు రెండు భాషలూ వచ్చు.

“సాకంటే ఏందమ్మా?” అని అడిగాను.

“సాలని. తినేటప్పుడు అన్నడా?”

“రోజూ అన్నడు.”

“అట్లయితే కడుపు నిండే పోయిండు. మంచిగ చూసుకున్నవు కొడుకా” అని నా రెండు చేతులూ తీసుకుని కళ్ళకు అద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆమెకు చెప్పనిది చాచాకు చెప్పాను, ముసలాయన చాలన్నాక కూడా పోశానని. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఆ తర్వాత రెండేళ్ళు చాచా నా చేతి జావే తాగాడు. ఆట పట్టించడం మానేశాడు. నేను చెంచా చెంచాకూ ఆగి అడిగేవాణ్ణి. గిన్నె సగం మిగిలినా దించేవాణ్ణి. అయినా ఆయన చాలని ‘బస్’ అన్నప్పుడల్లా కొంచెం గట్టిగా, రెండుసార్లు అనేవాడు.