తాతబాబు చూడని ఫౌల్

ఎవరికో ఒకరికి శిక్ష వెయ్యందే తాతబాబుకి పూట గడవదు. కాలేజీ ఫుట్‌బాల్ పోటీలకు ఏళ్ల తరబడి రిఫరీగా ఉన్నాడు. మెడలో విజిల్, చొక్కా జేబులో పసుపు కార్డు, ప్యాంటు వెనక జేబులో ఎర్ర కార్డు. మైదానంలో అయితే ఎవరూ ఏమీ అనరు. ఆ మనిషి వాటితోనే బజారుకి వెళ్తాడు, గుడికి వెళ్తాడు, పెళ్లిళ్లకూ వెళ్తాడు.

తాతల నాడు తెలుగువాళ్లు ఓడెక్కి వచ్చి స్థిరపడిన దేశం అది. అక్కడి బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో ఒక పెళ్లిభోజనాల దగ్గర పెళ్లికొడుకు పెదనాన్న వరస తప్పించి ముందుకు దూరాడు. పసుపు కార్డు. ఆయన నవ్వి ఊరుకున్నాడు. అందరికీ వడ్డన కాకుండానే వడ కొరికాడు. విజిల్, రెండో పసుపు, ఆ వెంటనే ఎర్ర కార్డు. ఆయన అలిగి కారెక్కితే, బతిమాలి వెనక్కి తేవడానికి పెళ్లివారు ఆయన ఊరు సుంగై సుమున్ దాకా పోవలసి వచ్చింది.

"ఏటయ్యా, ఆయన పెద్దోడు గదా!" అని తలబాదుకుంది భార్య నరసమ్మ.

"పెద్దోళ్లకి ఏరే రూలున్నాదేటి? సూపించు."

నరసమ్మ సంగతి సరే. ఆవిడకి కార్డులు అలవాటైపోయాయి. ఒకసారి ఆయన బల్లమీద మరిచిపోతే ఎర్ర కార్డుతో ఈగల్ని కూడా కొట్టింది. అల్లుడు శ్రీకుమార్ బాధ మాత్రం అలా తేలిపోయేది కాదు. పెళ్లినాడు ట్రాఫిక్‌లో చిక్కుకుని మండపానికి ఆలస్యంగా వచ్చినందుకు బంధువులందరి ముందూ పసుపు కార్డు తిన్నవాడతను. ఇప్పుడు పసిపిల్ల తండ్రి. పాలు వేడెక్కువేమో, ఫ్యాను గాలి ఎక్కువేమో అని రోజంతా బెంగ. నిద్రపోతున్న బిడ్డ ఊపిరి తీస్తోందా లేదా అని ఓసారి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. బిడ్డ లేచి గుక్కపట్టింది. వెనకనుంచి విజిల్.

"నిద్దరోయిన పిల్లని లేపినాడు. కావాలని సేసిన ఫౌల్!"

"నాన్నా, నువ్వు ఊదితే ఇంకా ఏడుస్తాది లా!" అని, ఆ దేశంలో అందరూ మాట చివర అంటించే 'లా' అంటిస్తూ కూతురు యోగేశ్వరి అరిచేసరికి ఆమెకీ ఒకటి చూపించాడు.

ఇంట్లో తిన్నవి చాలవన్నట్టు శ్రీకుమార్‌కి మైదానంలోనూ అదే గతి. సైబర్‌జయలో ఒక ప్రైవేటు కాలేజీలో అతను ఫిజిక్స్ చెబుతాడు. ఫుట్‌బాల్ జట్టు కోచ్ పని కూడా అతని నెత్తినే పడింది. ఆ జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కీ అవతలి కాలేజీలవాళ్లు తాతబాబే కావాలని అడిగి మరీ పిలిపించుకునేవాళ్లు. అల్లుడని వెనకేసుకొచ్చాడన్న మాట పడకూడదని, ఆయన ఆ జట్టుకి రెట్టింపు విజిల్ ఊదేవాడు. మామగారు పగవాడైనా బాగుండేది, పగవాడు కనీసం ఒకే ఇంట్లో ఉండి పక్కనే కూర్చుని భోంచెయ్యడు అనుకునేవాడు శ్రీకుమార్.

ఆ ఏడు జట్టులో అందరికన్నా బాగా ఆడేవాడు కుగన్. తండ్రి మునియాండి పామాయిల్ ఎస్టేటులో గెలలు కోస్తాడు. కుర్రాడికి ఆటల కోటాలో సీటు వచ్చింది. కాళ్లు ఎంత చురుకో కోపం అంత చురుకు. కిందటేడు అవతలి ఆటగాణ్ణి పిడికిలితో గుద్దాడు. ఇంకొక్కసారి చెయ్యెత్తితే చాలు, సీటు పోతుందని కాలేజీ చెప్పేసింది. ఇక ఎత్తడని పూచీ పడింది శ్రీకుమార్. ఆ సంగతి భోజనాల దగ్గర చెబితే తాతబాబు చారు జుర్రుకుంటూ, "రూలు మంచిదే" అన్నాడు. శ్రీకుమార్ కంచం వదిలి లేచాడు.

సెమీఫైనల్‌లో అవతలి జట్టు డిఫెండర్ కిశోర్‌కుమార్ జలగలాగా కుగన్‌ని పట్టుకున్నాడు. మడమలు తొక్కాడు, చొక్కా లాగాడు, ఎస్టేటు గురించి, తండ్రి గురించి చెవిలో ఏదో గొణిగాడు. ఫౌల్ ఇవ్వలేదేమని కుగన్ రిఫరీగా ఉన్న తాతబాబు మీద అరిచాడు. అరిచినందుకు పసుపు కార్డు. రెండో సగంలో స్కోరు సమానంగా ఉండగా మళ్లీ విజిల్ మోగింది. శ్రీకుమార్ తిరిగి చూసేసరికి, తన గోల్‌కీపర్ నికొలస్ తన్నిన బంతి కార్లు పెట్టేచోటికి ఎగిరిపోతోంది. తాతబాబు నికొలస్ వైపు చూడనైనా చూడలేదు. నేరుగా కుగన్ దగ్గరికి పరిగెత్తి, అతనికీ కిశోర్‌కుమార్‌కీ మధ్య గోడలా నిలబడి రెండో పసుపు, దాని వెనకే ఎర్ర కార్డు ఎత్తాడు.

"బంతి దూరంగా తన్ని ఆట ఆలస్యం సేసినావు. బయటికి నడు!"

"నేను తన్నలేదు అంకుల్!"

"అంకులేటి? రిఫరీ! నడు, నడు."

శ్రీకుమార్ మైదానంలోకి దూసుకెళ్లాడు. "మావయ్యా, కళ్లు కనిపించట్లేదా? తన్నింది నికొలస్!"

"కోచ్ గీత దాటినాడు" అన్నాడు తాతబాబు, అతనికీ పసుపు కార్డు చూపిస్తూ.

పదిమందితో ఆడిన జట్టు ఓడిపోయింది. మిగిలింది వచ్చే ఆదివారం మూడో స్థానం కోసం ఆట. ఎర్ర కార్డు తిన్న కుగన్ అందులో ఆడకూడదు. శ్రీకుమార్ ఇంటికి వచ్చి మామగారితో మాట్లాడటం మానేశాడు. ఆయన ఎదురుపడితే గోడతో మాట్లాడాడు.

"అప్పీలు పెడతాను. నువ్వు ఫోన్లో తీసిన వీడియో ఉంది కదా" అన్నాడు భార్యతో.

"నాన్న మీదా?"

"రిఫరీ మీద."

మర్నాడు పొద్దున్న, ఒడిలో బిడ్డకి జావ తినిపిస్తూ వీడియో నెమ్మదిగా తిప్పి చూశాడు. బంతి దగ్గర నికొలస్ కాలు. సాక్ష్యం దొరికింది. లాబ్‌లో లెక్క కుదిరినప్పటంత సంతోషం కలిగింది. అయితే ఎక్కడో తేడాగా ఉంది. మళ్లీ చూశాడు. విజిల్ మోగిన తర్వాతే నికొలస్ బంతిని తన్నాడు. తప్పు కంటే ముందు శిక్ష! ఇది ఏ ఫిజిక్స్‌లోనూ కుదరదు. మరి ముసలాయన ఎందుకు ఊదినట్టు?

అప్పుడు చూశాడు తెరలో అవతలి మూల. కిశోర్‌కుమార్ నోరు కుగన్ చెవి దగ్గరుంది. కుగన్ పిడికిలి బిగిసి భుజం దాకా లేచింది. తాతబాబు చూపు బంతి మీద లేదు. ఆ పిడికిలి వైపే, విజిల్ ఊదుతూ, తన వయసు మరిచిపోయి పరిగెడుతున్నాడు.

శ్రీకుమార్ చేతిలో చెంచా ఆగిపోయింది. ఈ వీడియో పంపితే కార్డు కొట్టేస్తారు. పిడికిలి కూడా చూస్తారు. సీటు పోతుంది. గడ్డానికి జావ పూసుకుని బిడ్డ చూస్తుండగా వీడియోని చెరిపేశాడు.

తాతబాబు వాకిట్లో బూట్లు తుడుచుకుంటున్నాడు.

"మావయ్యా, కుగన్ చెయ్యి చూశారా?"

"ఏ సెయ్యి? జరిగిందే రిఫరీ సూస్తాడు. జరగనిది ఎలా సూస్తాడు?"

"మరి బంతి?"

తాతబాబు బూటు పక్కన పెట్టాడు. "బంతి కాడ తప్పు సేసినాను. సిన్న తప్పు గాదు. అందుకే ఈ ఆదివారం నాను రాను, ఇంకోణ్ణి పెట్టుకోండని సెప్పేసినాను. ఒక మ్యాచ్ సస్పెన్షన్."

"ఎవరు వేశారు?"

"ఇంకెవడేస్తాడు? నానే."

"మీ మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు కదా!"

"ఎవడో సెప్తే గాని తప్పు తప్పవదేటి లా?"

ఆదివారం ఆట మొదలైంది. శిక్ష పడినవాళ్లు కంచె లోపలికి రాకూడదన్నది రూలు. తాతబాబు కంచె బయట మండుటెండలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు. పక్కనే కుగన్.

"ఆఫ్‌సైడ్! ఆఫ్‌సైడ్ లా! ఆడికి కళ్లు లేవేటి?" తాతబాబు గొంతు మైదానమంతా మోగింది.

"అంకుల్, సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లు రిఫరీని తిట్టకూడదు" అన్నాడు కుగన్ తమిళంలో.

తాతబాబు చొక్కా జేబులోంచి పసుపు కార్డు తీసి తనకి తనే చూపించుకున్నాడు. శ్రీకుమార్ గీత దగ్గర నిలబడి అది కళ్లారా చూశాడు. తర్వాత ముసలాయన మైదానం మీదనుంచి చూపు తిప్పకుండానే, గొడుగుని కుర్రాడి వైపుకి జరిపాడు.