ఎక్కని బస్సుకు టికెట్

మా కంప్యూటర్‌కు రోజూ తేదీ చెప్పాల్సి వచ్చేది. ఎవరి ఆఫీసులోనో పాతబడ్డాక అక్క దాన్ని కొన్నది. లోపలి గడియారాన్ని నడిపే బ్యాటరీ అప్పటికే అయిపోయింది. అది బోర్డుకే అతికి ఉంది. కదిలిస్తే బోర్డు పోవచ్చని రిపేరు చేసే అతను చేయి పెట్టలేదు. అందుకని స్విచ్ వేయగానే నల్లటి తెర తేదీ అడిగేది. అక్క టీ గ్లాసు పక్కన పెట్టి, గోడ మీది క్యాలెండర్ చూసి, ఆ రోజు తేదీ కొట్టేది.

తొంభైల చివరి మాట ఇది. జహనుమాలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని, శాలిబండ చుట్టుపక్కల చిన్న బడులకు తెలుగు ప్రశ్నపత్రాలు టైపు చేసేది అక్క. టీచర్లు చేతిరాత కాగితాలు తెచ్చి ఇచ్చేవాళ్ళు. 'కింది పేరా చదివి జవాబులు రాయండి' అన్నచోట చాలాసార్లు పేరా ఉండేది కాదు. మీరే ఏదో ఒకటి పెట్టండి అనేవాళ్ళు. అక్క అప్పటికప్పుడు అల్లి పెట్టేది.

మూడో తరగతికి ఒకసారి మేక పేరా పెట్టింది. ఒక మేక డాబా ఎక్కి, చిన్నపిల్ల గాలిపటం నమిలేసింది. పిల్ల ఏడవలేదు. కింద మూడు ప్రశ్నలు. మేక ఏమి తిన్నది? గాలిపటం ఎవరిది? పిల్ల ఎందుకు ఏడవలేదు?

టీచరమ్మ చదివి, "మూడోదానికి జవాబు పేరాల లేదు కదమ్మా" అంది.

"చెల్లె ఉన్న పిల్లలు రాస్తరు" అంది అక్క.

అక్క టైపు చేసే తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్‌కు ఏటా డబ్బు కట్టాలి. కడితే కంపెనీ ఒక ఫ్లాపీ ఇచ్చేది; అది ఎక్కిస్తే మరో ఏడాది నడిచేది. ఫ్లాపీ తెచ్చే ఏజెంటు మలక్‌పేట నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. ఏటేటా ధర పెరిగేది.

"తమ్మీ, కొత్తదాంట్ల రంగులు వచ్చినయ్, బొమ్మలు వచ్చినయ్ అంటున్నవ్. నా డబ్బాల అది తెరుచుకుంటదా?"

"తెరుచుకోదక్కా. కొత్త మిషన్ తీస్కోవాలె."

"మరి పాతదానికి కొత్తదాని పైసలెందుకు?"

"బస్సుల నిలబడ్డా టికెట్ గదే కదక్కా."

"నిలబడ్డోళ్ళను గూడ బస్సు ఇంటికి చేరుస్తది. నన్ను ఎక్కనిస్తలేవు గద. ఎక్కని బస్సుకు టికెట్ ఏంది?"

అతడు నవ్వి, టీ తాగి, గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. గడువు అయిపోయినంక పోయినేడు తేది కొట్టు. మస్తు నడుస్తది."

"పరీక్ష పేపర్లు చేసేదాన్ని. నన్నే కాపీ కొట్టమంటవా?"

"నీతోని కాదక్కా."

"ఫుకట్‌ల అడుగుతలేను తమ్మీ. నేను వాడే అంతకు తీస్కోమంటున్న. మీ కంపెనీల చెప్పు."

"చెప్తా."

"పోయినేడు గూడ చెప్తా అన్నవ్."

ఆ ఏడూ మొత్తం డబ్బు కట్టింది.

మరుసటి వానాకాలం అక్క పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి ఇంటికి రాలేదు. ముందుగది చాలా రోజులు మూసే ఉంది. నేను ఆఫీసుకు వెళ్తూ, వస్తూ ఆ తలుపు దాటేదాన్ని.

తెరిచిన రోజు కంప్యూటర్‌కు ఆ రోజు తేదీ చెప్పాను. గడువు ముగిసిందని సాఫ్ట్‌వేర్ మూసుకుంది. అక్క పేరాలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెందులో తెరిచినా అక్షరాలు అక్షరాల్లా కనిపించవు. ఏజెంటు చెప్పిన మాట గుర్తొచ్చింది. గడిచిన ఏడాదిలో ఒక మంగళవారం తేదీ కొట్టాను. తెరుచుకుంది.

ఆ మంగళవారానికి ఏ విశేషమూ లేదు. అక్క ఇంట్లో ఉన్న రోజు, అంతే. తర్వాత ప్రతి ఆదివారం ఆ తేదీ చెప్పి లోపలికి వెళ్ళేదాన్ని. ఒక పేరా చదివి ఆపేసేదాన్ని. అన్నీ ఒకేసారి ప్రింటు తీసుకోవచ్చు. తీస్తే మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోవడానికి కారణం ఉండదని తీయలేదు.

ఒక ఆదివారం గేటు దగ్గర స్కూటరు ఆగింది.

"అక్కా, నీ లొల్లికి కంపెనీ దిగొచ్చింది. పాత మిషన్లోళ్ళకు పాతదే, సగం కంటె తక్కువకు."

నేను బయటికి వెళ్ళి, అక్క పోయిందని చెప్పాను. అతడు మెట్టు మీద కూర్చున్నాడు. "డబ్బా ఉన్నదా, అమ్మిన్రా?" అని అడిగాడు.

లోపలికి తీసుకువెళ్ళాను. తెర మీద తేదీ చూశాడు.

"నువ్వే చెప్పినవ్ గద" అన్నాను.

"నేను చెప్పిన. ఆమె విన్లే."

ఫ్లాపీ బల్ల మీద పెట్టాడు. "నువ్వేం టైపు చేస్తలేవు. ఇది వద్దంటె వద్దు, గిట్లనే నడిపించుకో. ఎక్కిస్తె మాత్రం ఇగ ఎనకటి తేదీలు తీస్కోదు. కంపెనీ గా సందు మూసింది."

ఫ్లాపీ చేతిలోకి తీసుకున్నాను. అక్క అడిగింది ఇదే. అడిగినంత కాలం ఇవ్వలేదు. ఇప్పుడు వద్దని పంపేస్తే, ఆ మంగళవారం నాకు మిగులుతుంది. ఆమె అడిగింది మాత్రం స్కూటరు మీద వెనక్కి పోతుంది. లోపలికి వెళ్ళి డబ్బు తెచ్చాను.

అతడు ఫ్లాపీ ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాడు. నల్లటి తెర తేదీ అడిగింది. అతడు చేతులు తీసేశాడు.

"నువ్వే కొట్టు."

గోడ మీద ఉన్నది అక్క చూసిన క్యాలెండరే. దాన్ని నేను మార్చలేదు.

"ఇయ్యాల తేది ఎంత?" అని అతణ్ణే అడిగాను.

చెప్పాడు. కొట్టాను. తెరుచుకుంది.

మేక పేరా తీశాను. అతడు నా వెనక నిలబడి, పెదాలు కదుపుతూ కిందిదాకా చదివాడు.

"ఎందుకు ఏడ్వలే?"

"అక్క తన గాలిపటం ఇచ్చింది" అన్నాను.