గుట్ట మీది సైకిల్ బాట

ఫలక్‌నుమాలో మేము అద్దెకున్న ఇంటి యజమానికి వెల్డింగ్ షాపు ఉండేది. షాపు తెరిచే ముందు పలుగు భుజాన వేసుకుని ఇంటి వెనక బండల గుట్టకు వెళ్లేవాడు. బస్తీ పిల్లలు లావు టైర్ల సైకిళ్లు తొక్కడానికి అక్కడ తుప్పలు కొట్టి, రాళ్లు తీసి బాట వేశాడు. ప్రతి వాలునూ ముందు తాను నడిచి దిగి చూస్తే గాని పిల్లల్ని దిగనిచ్చేవాడు కాదు.

గుట్టను ప్లాట్లు చేస్తున్నారని తెలిసి, ఆ బాటనైనా వదలమని అడగడానికి నన్ను తోడు తీసుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాడు. అధికారి విసుక్కున్నాడు.

"సైకిల్ తొక్కనీకి గుట్టలెందుకయ్యా? రోడ్లు లేవా?"

"రోడ్డు మీదనే పోయింది సార్, నా బిడ్డ. బడికి పోతుంటే లారీ గుద్దింది."

ఒకే ఇంట్లో ఉంటున్నా ఆ సంగతి నేను వినడం అదే మొదలు. అధికారి తల దించుకున్నాడు. "నా చేతుల ఏం లేదు భాయ్," అన్నాడు.

కొద్ది రోజుల్లోనే గుట్ట చుట్టూ రేకులు పాతారు. బండలు పగిలే చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది.

"పిల్లలకు ఇంకో చోటు చూద్దామండీ," అన్నాను.

"ఏడున్నది సార్ చోటు?" అన్నాడాయన.

ఒక సాయంత్రం మేమిద్దరం రోడ్డు పక్కన చాయ్ తాగుతున్నాం. ఆ పిల్లలే లారీల మధ్య సైకిళ్లు తొక్కుకుంటూ వచ్చి, "మామా!" అని చేతులూపారు. ఆయన వాళ్లు దాటిపోయేదాకా గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.