మా బాపమ్మ దస్తీ వేసిందంటే

ఖాళీ సీటు కనిపిస్తే దాని మీద దస్తీ వెయ్యకుండా ఉండలేకపోవడం, మా బాపమ్మ, అంటే నాయనమ్మ, గంగుబాయికి ఉన్న ఒకే ఒక్క జబ్బు. బీపీ లేదు, షుగరు లేదు. తొంభై దాటాక కూడా కళ్లజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఈ ఒక్క జబ్బుకు మాత్రం మందు దొరకలేదు. పోయినేడు ఆమె కన్నుమూసేదాకా అది తగ్గలేదు, మాకు తప్పలేదు.

దస్తీ అంటే చేతిరుమాలు. కానీ బాపమ్మ దస్తీని ఆ మాట అనడానికి నోరు రాదు, పసిపిల్లకు దుప్పటిగా సరిపోయేది. సిరిసిల్లలో మా ఇంట్లో మరమగ్గాలు నడిచేవి. మిగిలిన గుడ్డ ముక్కకు ఎర్రటి అంచు కుట్టుకుని బొడ్లో దోపుకునేది. తాళంచెవులు మరిచిపోయి ఊరెళ్లిన రోజులున్నాయి గానీ దస్తీ మరిచిపోయిన రోజు లేదు.

మంచిర్యాల పక్కన నస్పూర్‌లో మా మేనత్త ఉండేది. మామయ్యకు బొగ్గుబాయిలో పని. అక్కడికి పోవాలంటే కరీంనగర్ బస్టాండులో మంచిర్యాల బస్సు పట్టుకోవాలి. బస్సు ఇంకా వెనక్కి వచ్చి ఆగకముందే బాపమ్మ దస్తీ కిటికీలోంచి లోపలికి వెళ్లిపోయేది. గురి తప్పగా నేను చూడలేదు. సంచులు మొయ్యడం నా వంతు.

ఒకసారి ఒక కాలేజీ పిల్లాడు దస్తీని పక్కకు జరిపి దర్జాగా కూర్చున్నాడు.

"లే బిడ్డా, గది నా సీటు."

"దస్తీ ఏస్తే నీదైతదా అవ్వా?"

"మరి నీదెట్లయితది? నువ్వు గదిగూడ ఎయ్యకపోతివి."

ఆ పిల్లాడు పుస్తకాలు సర్దుకుని లేచాడు. తీరా ఈమె కూర్చుందా అంటే, లేదు. వెనకాల చంటిపిల్లను ఎత్తుకుని నిలబడ్డ ఒకామెను పిలిచి కూర్చోబెట్టింది. తను కడ్డీ పట్టుకుని నిలబడింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గామె మనకేమైతది బాపమ్మా?"

"ఏం గాదు."

"మరి నాకియ్యరాదు?"

"నీకు కాళ్లున్నయి గద హరీష్. పెద్దపల్లి దాక నిలబడు, మస్తు మంది దిగుతరు."

పెద్దపల్లిలో మస్తు మంది దిగారు. అంతకంటే మస్తు మంది ఎక్కారు. మంచిర్యాల దాకా నేను నిలబడే ఉన్నాను.

జబ్బు బస్సులతో ఆగితే బాగుండేది. పెళ్లిళ్లలో బంతి భోజనాలకు, క్షౌరశాలలో కుర్చీకి, పిల్లల బడి వార్షికోత్సవానికి, అన్నిటికీ దస్తీయే. మా మేనత్త కాన్పప్పుడు ఆసుపత్రిలో మంచాలు ఖాళీ లేవన్నారు. బాపమ్మ వెళ్లి, ఇంకా మనిషి పడుకునే ఉన్న మంచం కాళ్ల దగ్గర దస్తీ వేసి వచ్చింది. పొద్దునా సాయంత్రం వెళ్లి "ఎట్లున్నది బిడ్డా, లేస్తివా?" అని ఆ మంచం మీదామెను అడిగేది. ఆ ఒత్తిడికి ఆమె డాక్టర్లు అనుకున్నదానికంటే ముందే కోలుకుంది.

వేసిన దస్తీని ఎవరూ తియ్యకూడదు. అది మా ఇంటి రాజ్యాంగం. ఆమె సొంత కొడుకు, మా బాపు దశరథం, ఒక విందులో ఆకలికి ఆగలేక దస్తీ వేసిన చోట కూర్చున్నాడు. సగం తిన్న విస్తరిని చేత పట్టించి మరీ లేపింది. ఆ జాగ ఎవరికంటే, గిన్నెలు తోమడానికి వచ్చిన, మా వాడలోని దేవదాస్ వాళ్ల అమ్మకు. పాపం ఆవిడ వద్దు వద్దంటూనే కూర్చుంది. బాపు మిగిలిన సగం గోడకు ఆనుకుని తిన్నాడు.

ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక కిటికీకి నాలుగు దస్తీలు పడడం మొదలైంది. బాపమ్మకు పోటీ పెరిగింది. ఎప్పుడైనా హడావుడిలో దస్తీ బస్సులోనే ఉండిపోతే కండక్టర్ అంబదాస్ మడతపెట్టి ఇంటికి పంపించేవాడు. సిరిసిల్ల డిపోలో ఆ ఎర్ర అంచు తెలియనివాళ్లు లేరు.

ఇక నవ్యశ్రీ పెళ్లి సంగతి చెప్పాలి. నవ్యశ్రీ మా చిన్నాయన కూతురు. చిన్నాయన పోయాక మంజుల చిన్నమ్మ బీడీలు చుట్టి, బట్టలు కుట్టి ఆ పిల్లను చదివించింది. పెళ్లి కుదిరాక ఆమె ఒక ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కుని పదిమందికీ చూపించింది. చీర అయితే కొనుక్కుంది గానీ ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పలేదు. కన్యాదానం బాపూ అమ్మా చేస్తారని పెద్దలు అనుకున్నారు. మండపం మీదికి రావద్దని చిన్నమ్మతో ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. ఆమే అర్థం చేసుకుని, ఆ చీర కట్టుకుని, ఫంక్షన్‌హాలు స్టోర్‌రూంలో స్వీట్ల డబ్బాల పక్కన కూర్చుంది. మొగుడు లేని ఆడది పెళ్లి పీటల దగ్గరికి రాకపోవడం అంత మామూలైపోయింది మాకు. నాకూ తప్పుగా తోచలేదు.

ముహూర్తం దగ్గరపడింది. పెళ్లి చేయించే అయ్యగారు మండపం మీద ఒక్కసారి ఆగిపోయారు.

"కన్యాదానానికి రెండు పీటలు చాలంటిని గద. గీ మూడోది ఎవలు పెట్టిండ్రు? గీ దస్తీ ఎవలది?"

హాలంతా నవ్వు. ఎవరిదో చెప్పనక్కర్లేదు. పెళ్లికూతురి పక్కనే ఇంటి నుంచి తెచ్చిన పీట, దాని మీద ఎర్ర అంచు దస్తీ. బాపమ్మ పక్కనే నిలబడి ఉంది.

బాపు వంగి నెమ్మదిగా అన్నాడు. "అవ్వా, జర తియ్యవే. టైం అయితున్నది."

"జాగ ఉన్నోళ్లు వస్తరు, ఆగు."

"ఎవలు?"

"పిల్లను కన్నది."

నవ్వు ఆగిపోయింది. బాపు ఒకసారి హాలు వైపు చూశాడు. "ఆనవాయితి లేదవ్వా. మంది ఏమంటరు?"

"నీ పెండ్లప్పుడు నేనెక్కడున్న దశరథం?"

బాపు పెళ్లికి ముందే తాత పోయాడు.

"వంటకాడ ఉల్లిగడ్డలు కోసుకుంట కూసున్న," అంది బాపమ్మ. "బ్యాండు సప్పుడైంది. అగో, నా కొడుకు పెండ్లయిందని గట్ల ఎర్కైంది. అప్పుడు నాకు దస్తీ ఏసేటోళ్లు లేకుండిరి."

కోపంగా అనలేదు, ఏడవనూ లేదు. బస్సులో చోటు గురించి చెప్పినట్టే చెప్పింది. ఇన్నేళ్లూ ఈమె ఎవరెవరికి సీటు పట్టిందో అప్పుడు ఒక్కొక్కరే గుర్తొచ్చారు నాకు. అందరూ, ఎవరూ రమ్మని పిలవనివాళ్లే.

బాపు మండపం దిగి స్టోర్‌రూంలోకి నడిచాడు.

"మంజులా, రా. అవ్వ నీకు జాగ పట్టింది."

"వద్దు బావా, అందరున్నరు."

"అందరున్నరనే రమ్మంటున్న."

చిన్నమ్మ కొంగు నిండుగా కప్పుకుని, తల ఎత్తకుండా వచ్చింది. బాపమ్మ దస్తీ తీసి, దానితోనే పీట దులిపి కూర్చోబెట్టింది. అయ్యగారు బాపమ్మ వైపు చూశారు, వాచీ వైపు చూశారు, మంత్రం అందుకున్నారు. మా అమ్మ నీళ్ల చెంబు చిన్నమ్మ చేతిలో పెట్టింది. కన్నీళ్లు అడ్డొచ్చి, చిన్నమ్మ పోసిన నీళ్లలో సగం బాపు పంచె మీద పడ్డాయి.

"ఏడుసుడు తర్వాత. ముందుగాల అల్లుని కాళ్లు తడువనియ్యి," అంది బాపమ్మ.

పెళ్లి అయ్యాక ఫొటోగ్రాఫర్ ముందుకొచ్చి చెయ్యి ఊపాడు. "ఆంటీ, మీరు జర పక్కకు జరుగుండ్రి. పెదనాయిన, పెద్దమ్మతోని ఒకటి తీస్త."

చిన్నమ్మ అలవాటుగా సగం లేచింది. చుట్టూ చూసింది. మళ్లీ కూర్చుంది.

"నేను జరుగ," అంది. "నువ్వే జర ఎన్కకు పో. అందరం వస్తం."

ఫొటోగ్రాఫర్ వెనక్కి పోయాడు. బాపమ్మ నా భుజం తట్టింది.

"అన్నానికి పోదాం పా. ఆమె ఇగ లేవది."